ప్రతి పదకొండో ఫర్లేదు

ఏప్రిల్ 18

ఇందుమూలంగా నాకు నేను తెలియజేసుకునేది ఏమనగా: డిపార్టుమెంటు వారు ప్రాజెక్టు రిపోర్టు చివర ఇంకో అధ్యాయం అడిగారు. దాని పేరు "ఈ పరిశోధన నుంచి నేను నేర్చుకున్నది". రెండు పేజీలు. జట్టులో ఇద్దరుంటే ఇద్దరూ విడివిడిగా రాయాలి, విడివిడిగా సంతకం పెట్టాలి. మే పన్నెండు ఆఖరు తేదీ. అది ఇవ్వనివాడికి డిగ్రీ ఇవ్వరు.

నాలుగేళ్ళు చదివి రెండు పేజీలు నేర్చుకోలేదా అంటే నేర్చుకున్నాను. రాయబోతేనే చెయ్యి రావడం లేదు. అందుకని ముందు ఇక్కడ చిత్తుప్రతి. ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు ఆసుపత్రిలో పంచిపెట్టింది. ప్రతి పేజీ కిందా ఒక మాత్ర బొమ్మ ఉంటుంది. అత్త తనకొద్దని నాకిచ్చేసింది. ఇందులో అబద్ధం రాయకూడదని నియమం పెట్టుకున్నాను. నియమం పెట్టుకోవలసి వచ్చిందంటేనే నా సంగతి నాకు తెలుసన్నమాట.

ఏప్రిల్ 19

చిత్తుప్రతి, మొదటి విడత.

మా పరిశోధన ఒక్క మాట మీద. ఆ మాట "ఫర్లేదు".

ఫర్లేదు అంటే బాగుందని. ఫర్లేదు అంటే బాగాలేదు, కానీ మీకెందుకు అని కూడా. బస్సులో కాలు తొక్కినవాడితో అదే అంటాం, పరీక్ష ఎలా రాశావన్న నాన్నతో అదే అంటాం, ఉద్యోగం పోయిందటగా అని పరామర్శకు వచ్చినవాడితోనూ అదే. నిఘంటువు చూస్తే ఒక అర్థం ఉంటుంది. గొంతు వింటే నలభై.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన రోగులకు పదో రోజున ఒక నర్సు ఫోను చేసి ఎలా ఉందని అడుగుతుంది. ఆమె పనే అది కాబట్టి అందరూ ఆమెను ఫోను సిస్టరు అంటారు. నూటికి తొంభైమంది చెప్పే జవాబు, ఫర్లేదు. ఆ గొంతు విని అది నిజమైన ఫర్లేదా, పైపై ఫర్లేదా అని కంప్యూటరు చెప్పాలి. పైపైది అయితే సిస్టరు మళ్ళీ ఫోను చేస్తుంది. అదీ ప్రాజెక్టు.

కంప్యూటరుకు నేర్పాలంటే ముందు మనుషులు విని చెప్పాలి. పన్నెండు వందల రికార్డింగులు, పేర్లూ వివరాలూ తీసేసినవి. ఒకరు ఏం పెట్టారో ఒకరికి తెలియకుండా ఇద్దరు వినాలి. షీటులో మొదటి వినేవారికి ఒక నిలువు వరుస, రెండో వినేవారికి ఒక నిలువు వరుస. ఒకటి అంటే నిజంగానే ఫర్లేదు. రెండు అంటే ఫర్లేదు కాదు. మూడు అంటే వినపడలేదు. ఇద్దరి మాటా కలిసిన రికార్డింగులతోనే కంప్యూటరుకు నేర్పుతాం.

మొదటి వినేవారు తక్కెడ. బిస్కెట్టు ఇద్దరికి విరవాల్సి వస్తే స్కేలు కోసం వెతికే మనిషి కాబట్టి మొదటి ఏడాదే ఆ అమ్మాయికి ఆ పేరు పడింది. ఇప్పుడు లెక్చరర్లు పిలిచినా పలుకుతుంది. రెండో వినేవారు నేను.

ఇద్దరూ పూర్తి శ్రద్ధతో విన్నారు.

ఏప్రిల్ 20

చివరి వాక్యంలో "పూర్తి" తీసేశాను.

ఏప్రిల్ 21

"ఇద్దరూ" కూడా.

ఏప్రిల్ 22

గైడ్ మేడమ్ గదిలో మాకు సన్మానం. సన్మానమంటే మేడమ్ నవ్వడమే. నాలుగేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి ఏదో తుమ్మబోయి ఆగిపోయారని మా క్లాసులో ఇప్పటికీ ఒక వర్గం వాదన.

మా ఇద్దరి మాట ఎనభై ఎనిమిది శాతం కలిసిందట. ఇలాంటి పనిలో డెబ్భై దాటితేనే గొప్పట. మేడమ్ దాన్ని పేపరుగా పంపితే ఒప్పుకున్నారు కూడా. ఆ పేపరు చూసే తక్కెడకు పెద్ద సంస్థలో పరిశోధన సీటు వచ్చేలా ఉంది. ఉత్తరంలో "పేపరు ప్రచురణ అయిన పిదప" అని ఒక ముక్క ఉంది. తక్కెడ ఆ ముక్క కింద పెన్సిలుతో గీత పెట్టుకుంది. స్కేలుతో.

ఫోను సిస్టరు కూడా వచ్చింది. యాభై దాటిన మనిషి. కుర్చీ చూపిస్తే, రోజంతా కూర్చునే ఉంటాను బాబూ అని నిలబడే ఉంది. ఒక చెవి దగ్గర జుట్టు అణిగిపోయి ఉంది, ఫోను పెట్టుకునే వైపు.

"చెవులు రెండే కదా. రోజుకు ఎనభై ఫోన్లు. నలభై దాటాక అందరి గొంతూ మా ఆయన గొంతులాగే ఉంటుంది" అంది.

ఇప్పుడు ఆమె దగ్గర ఒక పొడుగాటి జాబితా ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా పైనుంచి మళ్ళీ మొదలుపెట్టి చేస్తూ పోతుంది. కొన్ని పేర్ల దాకా ఎప్పటికీ రాదు. జూన్ ఒకటి నుంచి మా మిషను పెడతారట. మిషను "ఒకటి" అన్నవాళ్ళ పేర్లు జాబితాలోంచి పోతాయి. వాళ్ళకు ఇక ఫోను ఉండదు.

"మీరిద్దరూ కూర్చుని పన్నెండు వందలూ విన్నారట. నా పని మీరు చేశారు" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

నేను జోకు వేశాను. ఏం వేశానో గుర్తు లేదు. అందరూ నవ్వారు.

ఏప్రిల్ 23

ఇంట్లో ఉన్నాను. అత్త మా నాన్నకు అక్క. నాకు మాటలు నేర్పింది ఆవిడే అంటారు, అందుకు తర్వాత చాలాసార్లు విచారించింది కూడా. ప్రతిదానికీ వాదిస్తానని వకీలు అని పేరు పెట్టింది. ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ స్కూలు యూనిఫారాల గుట్టలు. ముప్ఫై ఏళ్ళుగా కుడుతోంది. కుడి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని నవంబరులో ఆపరేషను చేశారు. అప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోను సిస్టరు మాటలు వినీ వినీ ఈ ప్రాజెక్టు నాకు తట్టింది. తట్టడం వరకూ నా గొప్పే. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఈ మధ్య అత్త సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలుస్తోంది. ఇవాళ మూడుసార్లు.

"నీ కళ్ళు కుర్రకళ్ళురా వకీలూ" అంది.

పేపర్లో పెళ్ళి ప్రకటనల సన్నక్షరాలు మాత్రం కళ్ళజోడు లేకుండా చదివి, వరుడి ఎత్తు గురించి వ్యాఖ్యానిస్తోంది.

చెయ్యెలా ఉందత్తా అని అడిగాను. ముందు చిన్నగా నవ్వింది, గాలి లోపలికి పీలుస్తూ. "ఫర్లేదురా" అంది.

కళ్ళజోడు మార్పించాలి.

ఏప్రిల్ 25

సరే.

ఫిబ్రవరిలో జరిగింది. ఇక్కడ రాస్తున్నాను, ఇక్కడ తప్ప ఎక్కడా రాయను కాబట్టి.

మొదటి నూట నలభై నిజంగా విన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, న్యాయమూర్తిలాగా. నూట నలభై ఒకటో దానికి టీ తాగొద్దామని లేచాను. తర్వాతి రోజు చూద్దామనుకున్నాను. తర్వాతి రోజులు పద్దెనిమిది వచ్చాయి. తక్కెడ తన వరుస పూర్తి చేసి షీటు మేడమ్‌కు పంపింది. నాకు కనపడకుండా తాళం వేసే పంపింది. ఆ తాళం వేసే ప్రోగ్రాం రాసింది నేనే.

మిగిలిన వెయ్యీ అరవైకి తక్కెడ పెట్టిన అంకెలే నా వరుసలోకి దించాను. అచ్చంగా ఒకేలా ఉంటే దొరికిపోతానని చిన్న ప్రోగ్రాం రాశాను: ప్రతి పదకొండోదాన్ని తిప్పెయ్. ఒకటి ఉంటే రెండు చెయ్, ఇంకేమున్నా ఒకటి చెయ్. పది అయితే అనుమానం వస్తుందని పదకొండు. ఎలా పడితే అలా వచ్చే అంకెలు ఎలా పుట్టించాలో రెండో ఏడాదిలో ఒక పేపరంతా చదివాను. ఎనభై ఒక్క మార్కులు వచ్చాయి. అవసరం వచ్చినప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాను.

ప్రోగ్రాం రాసి, సరిచూసి, నా తప్పులు సహజంగా కనపడుతున్నాయా లేదా అని తృప్తి పడటానికి రెండు రోజులు పట్టింది. ఆ రికార్డింగులన్నీ కూర్చుని వింటే ఎంతసేపు పట్టేదో ఇవాళ లెక్క వేశాను. తొమ్మిది గంటలు.

ఏప్రిల్ 26

తర్వాత విందామనే అనుకున్నాను. నిజంగానే.

ఏప్రిల్ 27

పై వాక్యం కొట్టేద్దామనుకుని ఉంచాను. నియమం గుర్తుండటానికి.

ఏప్రిల్ 28

ల్యాబులో తక్కెడ షీటు తెరిచి కూర్చుంది. రిపోర్టులో ఉదాహరణల కోసం ఏవో ఏరుతోంది.

"ఆరువందల రెండులో నువ్వేం విన్నావు?" అని అడిగింది.

నేను గుర్తు తెచ్చుకుంటున్నట్టు పైకప్పు చూశాను.

"అందులో ఏమీ లేదు. ఫోను తెగిపోయింది, ఉత్త గాలి. నేను మూడు పెట్టాను. నువ్వు ఒకటి పెట్టావు. నిజంగా ఫర్లేదని."

"ఆయన అంత ప్రశాంతంగా ఉన్నాడు. మాట్లాడాల్సిన అవసరమే రాలేదు" అన్నాను.

మామూలుగా అయితే ఇలాంటివాటికి తక్కెడ నవ్వుతుంది. ముందు నవ్వాలా వద్దా అని తూచి, తర్వాత నవ్వుతుంది. ఇవాళ తూచింది. అంతే.

"ఏదో పొరపాటున నొక్కుంటావులే. ఫర్లేదు" అని షీటు మూసేసింది.

మూడు సంగతి ప్రోగ్రాంలో నాకు తట్టనేలేదు.

ఏప్రిల్ 29

తీర్మానం: మిగిలిన వెయ్యీ అరవై వింటాను. విని నా వరుస సరిచేస్తాను. అప్పుడు అది నేను విన్నదే అవుతుంది, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. లైబ్రరీలో పాత పత్రికల గది ఖాళీగా ఉంటుంది. పొద్దున తొమ్మిది నుంచి మొదలు.

ఇది నిజాయితీ కిందికి వస్తుందా అని వకీలును అడిగాను. వస్తుందన్నాడు. వాడికి ఫీజు నేనే ఇస్తాను.

ఏప్రిల్ 30

మూడు వందల యాభై దాకా.

మనుషులు ఇన్ని రకాలుగా ఫర్లేదంటారని ఎవరూ నాకు చెప్పలేదు. అంటే, ప్రాజెక్టు ప్రతిపాదనలో నేనే రాశాను. కానీ నాకెవరూ చెప్పలేదు.

ఒకాయన ఫర్లేదమ్మా అని, మీరు భోంచేశారా అని సిస్టరును అడిగాడు. ఒకావిడ ఫర్లేదు ఫర్లేదు ఫర్లేదు అంది, తలుపు మూసేసుకున్నట్టు. ఇంకొకాయన మాటకు ముందు నాలుగు సెకన్లు ఆగాడు. ఆ నాలుగు సెకన్లు నేను ఆరుసార్లు విన్నాను. ఒకటో రెండో తేల్చుకోలేక బయటికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

మే 1

మూడువందల అరవై. ఒకావిడ ఫర్లేదండీ అని ఫోను పెట్టేసింది, కానీ సరిగా పెట్టలేదు. ఇంకో రెండు మాటలు రికార్డయ్యాయి. ఎవరో మగమనిషి, "చెప్పావా?" అన్నాడు. ఆవిడ, "ఎందుకులే" అంది.

తక్కెడ రెండు పెట్టింది. నా వరుసలో ఒకటి ఉంది. పదకొండో వంతు వచ్చిందన్నమాట ఆవిడకు.

జూన్ ఒకటి తర్వాత ఇలాంటివాళ్ళ పేర్లు జాబితాలో ఉండకపోవచ్చు. ఈ వాక్యం రాసి చాలాసేపు మాత్ర బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

మే 2

ఏడువందల ముప్ఫై ఒకటి అత్త.

ఆవిడ ఇందులో ఎక్కడో ఉంటుందని నాకు తెలుసు. డిసెంబరు మొదట్లో సిస్టరు ఇంటికి ఫోను చేసినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను. ఇన్నాళ్ళూ అనుకోలేదంతే. ఫిబ్రవరిలో నూట నలభై దగ్గర లేవడానికి టీ మాత్రమే కారణమా అని ఇవాళ మొదటిసారి నన్ను నేను అడిగాను. అవును, టీ మాత్రమే. అది ఇంకా ఘోరం.

వెనక మా కుక్కరు. మిషను ఆగిన చప్పుడు. సిస్టరు, చేతికి ఎలా ఉందమ్మా, వేళ్ళు బాగా ఆడుతున్నాయా అంది. అత్త ముందు నవ్వింది, గాలి లోపలికి పీలుస్తూ. తర్వాత, "ఫర్లేదమ్మా" అంది.

ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు నా రిపోర్టు కార్డు నాన్నకు చూపించకుండా దాచినప్పుడు, ఏమైందని నాన్న అడిగితే ఆ నవ్వే నవ్వింది. అబద్ధానికి ముందు అత్త గాలి పీలుస్తుంది, నీళ్ళలో దూకబోయేవాళ్ళలా. ఈ ప్రపంచంలో ఈ రికార్డింగుకు నన్ను మించిన నిపుణుడు లేడు.

తక్కెడ రెండు పెట్టింది. పక్కన వ్యాఖ్యల గడిలో ఇలా రాసింది: "నవ్వింది. కానీ గాలి పీల్చి నవ్వింది." తక్కెడ మా అత్తను ఎన్నడూ చూడలేదు.

నా వరుసలో కూడా రెండే ఉంది. ఏడువందల ముప్ఫై ఒకటి పదకొండో వంతులో పడలేదు కాబట్టి ఉన్నదున్నట్టు దిగింది. అంటే ఫిబ్రవరిలోనే ఈమె బాగాలేదని నా పేరు మీద నమోదై ఉంది. నా పేరుకు తెలుసు. నాకే తెలియదు. ఆ రెండు పెట్టిన మనిషి రోజూ ఇంటికి వచ్చి ఆవిడ పెట్టింది తిని, సూదిలో దారం ఎక్కించి, కళ్ళజోడు మార్పించాలి అని డైరీలో రాసుకున్నాడు.

తల కొట్టేసినట్టయింది. అలా అంటారని తెలుసు గానీ మెడ మీద నిజంగా చల్లగా ఉంటుందని తెలియదు.

మే 3

అత్త ఎదురుగా కూర్చుని, నా చెయ్యి గట్టిగా నొక్కమన్నాను.

ఎందుకురా అంది. ప్రాజెక్టు అన్నాను. ఎడమ చెయ్యి చాపింది.

"అది కాదు."

కుడిచెయ్యి పెట్టింది. నొక్కింది. నొక్కానుగా అంది. నాకేమీ తెలియలేదు. పిల్లి అడుగు వేసినట్టుంది.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో. మూడు వేళ్ళు నావి కానట్టుంటాయి. ఆపరేషనయ్యాక అలాగే ఉంటుందేమో అనుకున్నా. మళ్ళీ కోస్తారేమోనని..." ఆగి గాలి పీల్చింది. నేను నవ్వొద్దన్నాను. నవ్వలేదు.

మే 5

డాక్టరు అత్తకు ఒక కాగితం ఇచ్చి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకోమన్నాడు. తను లాగాడు. లాగడం కూడా కాదు. జారి వచ్చేసింది. అత్త ఆ కాగితం వైపు, ఎవరిదో పోయిన వస్తువు దొరికినట్టు చూసింది.

నరం పూర్తిగా విడవలేదట. బొటనవేలి కింద కండ తగ్గిపోయింది. మళ్ళీ ఆపరేషను చేస్తే ఇంకా తగ్గకుండా ఆగుతుంది. పోయింది ఎంత తిరిగి వస్తుందో చెప్పలేనన్నాడు. రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేది అన్నాడు. డాక్టర్లు అందరితోనూ అనే మాటే. రెండు మూడు నెలల ముందంటే ఫిబ్రవరి.

దీనికంటే ఘోరమైన సంగతి ఇంకొకటుంది. ఫోను సిస్టరు వరండాలో కనపడితే అత్త ఆవిడను ఆపి, నన్ను ముందుకు తోసి చెప్పింది: "మా వకీలు పట్టేశాడమ్మా. డాక్టరుకు కూడా చెప్పలేదు నేను. గొంతు విని పట్టేశాడు. ఏం చదువో ఏమో గానీ, పనికొచ్చే చదువు."

సిస్టరు నా వైపు చూసి తల ఊపింది. నాకు నేల చీలినా సరిపోదు, కింద ఇంకో అంతస్తు ఉంది, అక్కడ ఎక్స్‌రే వాళ్ళుంటారు.

మే 6

పన్నెండు వందలూ అయ్యాయి. మా ఇద్దరి మాట నిజంగా కలిసింది అరవై ఏడు శాతం.

మే 7

కాలేజీ పక్క జెరాక్స్ షాపు దగ్గర తక్కెడకు చెప్పాను. మూడు రకాల ఉపోద్ఘాతాలు తయారు చేసుకుని వెళ్ళాను. ఒకటీ వాడలేదు. నేను వినలేదు, నీ అంకెలే దించాను అన్నాను.

తక్కెడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. దాని మీద పెన్సిలుతో అంకెలు. 151, 162, 173, 184. అలా చివరి దాకా. స్టేషన్ల పేర్లు రాసినట్టు.

"ఎప్పుడు?" అన్నాను.

"ఆరువందల రెండు అడిగిన రోజు. ఇంటికెళ్ళి మన ఇద్దరి మాటా కలవనివన్నీ రాసుకున్నా. నూట నలభై దాటాక అన్నీ పదకొండు అడుగుల దూరంలో ఉన్నాయి."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశా. అదొక్కటే కాదులే. నాకూ ఆ సీటు కావాలి. తొమ్మిది రోజులు నేనూ నోరు మూసుకునే ఉన్నా."

జెరాక్స్ మిషను వెలుతురు అటూ ఇటూ కదులుతోంది.

"పది కాకుండా పదకొండెందుకు?" అంది.

"పదైతే అనుమానం వస్తుందని."

నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ముందు ఆగింది తనే.

"నేను ఒక్కొక్కటీ రెండేసిసార్లు విన్నాను. తెలుసా? నువ్వూ వింటున్నావు కదా, నీకంటే తక్కువ కాకూడదని."

మేడమ్‌కు రేపు చెప్తానన్నాను. చెప్తే నీ సీటు పోవచ్చన్నాను. జూన్ ఒకటి ఉంది కదా అంది. నేనొక్కణ్ణే వెళ్తానన్నాను.

"షీటు మీద రెండు పేర్లున్నాయి" అంది.

మే 8

మేడమ్ అంతా విన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది, వినడం తొందరగా అయిపోయేది. కొత్త షీటు తీసుకుని, అరవై ఏడు దగ్గర వేలు పెట్టి ఉంచారు.

"ఇది ఉంది చూశావూ, ఇదే అసలు ఫలితం. సొంత భాషలో ఒక మాట విని ఇద్దరు మనుషులకే మూడోవంతు కుదరట్లేదు. అలాంటిది మిషనుకేం తెలుస్తుంది? ఇది రాసుంటే మంచి పేపరయ్యేది" అన్నారు.

అంటే నేను కష్టపడి దాచింది మా దగ్గరున్న ఒకే ఒక్క మంచి వస్తువు.

పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం మా ఎదురుగానే రాశారు. కారణం దగ్గర ఆగి నన్ను అడిగారు. "రెండో వినేవారు వినలేదు" అని రాయమన్నాను. అలాగే రాశారు. రిపోర్టు అరవై ఏడుతో మళ్ళీ ఇవ్వాలి. నాకు పాసు మార్కులు, అంతకు మించి ఏమీ ఉండదు. తక్కెడవి తక్కెడకు విడిగా వేస్తారు.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. ఫోను సిస్టరు ఎవరితోనో మాట్లాడుతోంది. పక్కన నిలబడ్డాను. అవతలివాళ్ళు ఏదో అన్నారు, ఈవిడ సరే అమ్మా అని పెట్టేసి, జాబితాలో టిక్కు పెట్టబోయి ఆగి, చిన్న చుక్క పెట్టింది.

ఆవిడకు అంతా చెప్పాను.

"అయితే జూన్‌లో మిషను లేదు" అంది.

"లేదండీ."

"మరి మీ అత్త?"

"అది మా తక్కెడ విన్నదండీ. నేను కాదు."

తల ఊపింది. మొన్నటి ఊపు కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, తర్వాతి నంబరు నొక్కింది.

మే 9

అత్తకూ చెప్పాను. "అయితే ఎవర్రా ఆ పిల్ల?" అని అడిగింది. చెప్పాను. ఒకసారి భోజనానికి తీసుకురా అంది. వస్తుందనుకోను అన్నాను. నేనైనా రానులే అంది.

మే 12

రెండు పేజీలు అడిగారు. నాలుగయ్యాయి. జోకులు రెండు పడ్డాయి, కొట్టేశాను. సంతకం పెట్టేటప్పుడు పేరు కొత్తగా కనపడింది.

మే 21

వైవా. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నా అధ్యాయం చదువుకుని వచ్చాడు. ఈ పరిశోధనలో మీ వంతు ఏమిటి అని అడిగాడు. మొదటి నూట నలభై, చివర ఆరు రోజులు అన్నాను. రాసుకున్నాడు.

మే 24

అత్తకు రెండో ఆపరేషను. వార్డులో పక్క మంచం ఆవిడకు నా గురించి ఏమీ చెప్పలేదు. నన్ను చూపించి, మా తమ్ముడి కొడుకు అంది, అంతే. దారం ఎక్కించడం మాత్రం బాగా వచ్చు అంది.

మే 28

పాసయ్యాను. నోటీసు బోర్డు మీద నా నంబరు చివరి నుంచి మూడోది.

జెరాక్స్ షాపు దగ్గర తక్కెడ కనపడింది. సర్టిఫికెట్లు కాపీలు తీయిస్తోంది, ఒక్కొక్క కాపీ అంచులు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకుంటూ. సీటు వాళ్ళు జవాబు రాశారట. ప్రచురణ లేదు కాబట్టి ఈ ఏడాదికి కుదరదు, వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు అని. ఈలోగా ఒక ట్యూషన్ సెంటరులో పిల్లలకు కంప్యూటరు చెప్పబోతోంది. మీ అత్త చెయ్యెలా ఉందని తనే అడిగింది. కట్టుతోనే కాగితం పట్టుకోవడానికి చూస్తోందని చెప్పాను. మంచిది అంది.

నేను జోకు వేయలేదు. నావల్ల నీకొక ఏడాది పోయింది అన్నాను. క్షమించమని అడగటానికి నాకు ముఖం చెల్లటం లేదు, కానీ అడుగుతున్నాను అన్నాను.

కాపీలన్నీ లెక్కపెట్టి, అంచులు బల్లకు తట్టి సరిచేసి, సంచిలో పెట్టుకుంది. ఒకే ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది.

షీటులో ఇక వరుసలు లేవు, కాబట్టి ఇక్కడ.

1201. ఆడ గొంతు. వెనక జెరాక్స్ మిషను. మాటకు ముందు మూడు సెకన్లు ఆగింది. నవ్వలేదు. "ఫర్లేదు."
మొదటి వినేవారు: లేరు.
రెండో వినేవారు: నేను. విన్నాను.
రెండు.